బర్రెలు తినే సబ్బు

మా ఇంట్లో సబ్బు అనే మాట మీద కొన్నాళ్లు నిషేధం ఉండేది. ఆ నిషేధం పెట్టింది మా మరిది. అందుకు కారణం నేను.

మాది చిక్కడపల్లి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే మా మామగారు ముప్పై ఏళ్లుగా బట్టల సబ్బు చేస్తున్నారు. ఊరి చివర ఒక రేకుల షెడ్డు, అందులో రెండు పెద్ద ఇనుప బానలు, నలుగురు పనివాళ్లు. మెయిన్ రోడ్డు మీద చిన్న దుకాణం. పసుపు రంగు బారు సబ్బును తీగతో కోసి అమ్మేవారు. నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. పెళ్లిచూపుల్లో మామగారు నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"సబ్బు ఎట్ల తయారైతది బిడ్డా?"

చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "పుస్తకంల సరిగ్గనే రాసిన్రు" అన్నారు. సంబంధం ఖాయమైంది.

కాలక్రమంలో ఊళ్లో అందరి ఇళ్లలోకీ వాషింగ్ మెషీన్లు వచ్చాయి. మా ఇంట్లోకీ వచ్చింది. అందులో పోసే లిక్విడ్ సీసాను మా అత్తమ్మ బియ్యం డబ్బా వెనక దాచేది. అది అక్కడుందని మామగారికి తెలుసు. ఆయనకు తెలుసని అత్తమ్మకూ తెలుసు. నలభై ఏళ్ల సంసారంలో ఇలాంటి సీసాలు చాలానే దాటి వచ్చారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. షెడ్డులో మాత్రం ఒక బాన చల్లారింది. నలుగురు పనివాళ్లు ఇద్దరయ్యారు.

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. ఈ వ్యవహారంలో ఆయన పాత్ర "మీరు మీరు చూసుకోండి" అనడంతో మొదలై అక్కడే పూర్తయింది. మరిది అలాంటివాడు కాదు. ఎంబీఏ చేశాడు. ప్లాట్లు అమ్మాడు, నీళ్ల ఫిల్టర్ల ఏజెన్సీ తీసుకున్నాడు, మనిషి ఎలా ఎదగాలో ఇతరులకు క్లాసులు చెప్పాడు. ఒక ఆదివారం హైదర్‌గూడలోని ఏదో హోటల్లో సెమినార్‌కు వెళ్లి, మెడలో బ్యాడ్జీ తీయకుండానే వచ్చి అన్నానికి కూర్చున్నాడు.

"డాడీ, మన షెడ్డు మల్ల నడుస్తది. బైపాస్ ఫ్యాట్ చేద్దాం" అన్నాడు.

"ఎవలికి?" అన్నారు మామగారు.

"బర్రెలకు."

మామగారు ముద్ద ఆపేశారు. "బర్రెలకు బైపాస్ ఏందిరా? వాటికి గుండెనొప్పి వస్తుందా?"

మరిది సెమినార్‌లో విన్నదంతా ఇంగ్లీషులో చెప్పాడు. బ్యాడ్జీ ఊగింది కానీ విషయం ఎవరికీ అందలేదు. చివరికి అందరూ నావైపు చూశారు. అతను తెచ్చిన కాగితాలు చదివి, నాకు అర్థమైనంత చెప్పాను. నెమరు వేసే పశువు కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటి గదిలో కోట్ల సూక్ష్మజీవులు కూర్చుని గడ్డిని పులియబెడతాయి. పశువుకు బలం కోసమని నూనె పోస్తే ఆ జీవులకు పడదు, గడ్డి అరగదు. అందుకని కొవ్వును సున్నంతో కట్టేస్తారు. అలా కట్టిన కొవ్వు మొదటి గదిలో కరగకుండా దాటిపోతుంది. నాలుగో గదిలో ఆమ్లం తగిలాక విడిపోతుంది. కొత్తగా ఈనిన బర్రె తినేదానికంటే ఎక్కువ పాలిచ్చి చిక్కిపోతుంది కాబట్టి, దానికి ఇది పనికొస్తుంది. ఇక కావాల్సిన సరుకంటారా, పామాయిల్‌ను శుద్ధి చేసేటప్పుడు ఫ్యాక్టరీల్లో మిగిలే గోధుమరంగు కొవ్వు. మామగారు సబ్బు కోసం ఎన్నో ఏళ్లుగా కొంటున్నది ఆ పీపాలనే.

"సోడా వేస్తే బట్టల సబ్బు, సున్నం వేస్తే ఇది. అంటే ఇది కూడా సబ్బే మామయ్యా" అని ముగించాను.

మామగారి ముఖం వెలిగింది. మరిది చెంచా కింద పెట్టాడు.

"వదినె, ఆ మాట ఈ ఇంట్ల మల్ల అనొద్దు. ఇది న్యూట్రిషన్. బర్రెకు సబ్బు తినిపిస్తున్నమంటే ఎవడన్న కొంటడా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒంటికి రాసుకునే సబ్బును కూడా పేరు పెట్టి అడగడం మానేశాం. "అది అయిపోయింది" అని అత్తమ్మ అంటే అర్థం చేసుకుని తెచ్చేవాళ్లం.

మొదటి ప్రయోగం మా డాబా మీద జరిగింది. మామగారు లుంగీ ఎగగట్టి, అత్తమ్మ వంటకు వాడే పెద్ద సర్వలో కొవ్వు కరిగించారు. నేను సున్నం పొడి తూచి పోశాను. తర్వాత కొద్దిగా నీళ్లు చిలకరించాలి. చిలకరించాం. ఏమీ కాలేదు. ఇంకొన్ని చిలకరించాం. మామగారు వంగి చూడబోతుండగా అది పొంగే పాలలాగా లేచింది. డాబా నిండా ఆవిరి. మేమిద్దరం వెనక్కి దూకేలోపే గట్టిపడిపోయింది. గరిటె అందులో జెండా కర్రలాగా నిలబడింది. ఎదురింటావిడ పిట్టగోడ మీంచి, "ఏం వండుతున్రు?" అని అడిగింది. "పాకం" అంది అత్తమ్మ, తన సర్వవైపు చూస్తూ. ఆ సర్వ, ఆ గరిటె ఇప్పటికీ విడిపోలేదు.

నాలుగు ఆదివారాల తర్వాత వేడి, నీళ్లు, సున్నం మాకు లొంగాయి. ముద్ద చల్లారి, చేత్తో నలిపితే రవ్వలాగా పొడి అయింది. అది సరిగ్గా ఉడికిందో లేదో తెలుసుకోవడానికి మామగారికి ఒక పద్ధతి ఉంది. చిటికెడు పొడిని పాత దినపత్రిక మీద వేసి, బొటనవేలితో నొక్కి, ఎండలో పెట్టి టీ తాగి వస్తారు. కాగితం మీద నూనె మరక పడి అవతలి పేజీ అక్షరాలు కనిపిస్తే పచ్చిగా ఉన్నట్టు. కనిపించకపోతే అయినట్టు. నాకు నమ్మకం కలగలేదు. కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్లి, బ్యూరెట్ పెట్టి, గంటసేపు చుక్కలు లెక్కపెట్టి చూశాను. దినపత్రిక చెప్పిందే బ్యూరెట్ కూడా చెప్పింది. దినపత్రికల మీద నా గౌరవం పెరగడం అదే మొదటిసారి.

మాకు పాలు పోసే అక్కది మా వెనక సందులో, గాంధీనగర్ వైపు వెళ్లే దారిలో కొట్టం. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా ఆమె కదల్లేదు. పదకొండు బర్రెలు. అందులో ఒకటి అప్పుడే ఈనింది. మరిది, నేను పొడి తీసుకుని వెళ్లాం. అక్క దాణాలో గుప్పెడు కలిపి తొట్టిలో వేసింది. బర్రె మూతి పెట్టింది, వాసన చూసింది, ఒక్కసారి గట్టిగా ఊదింది. పొడంతా నా చీర మీద పడింది. బర్రె ముఖం గోడవైపు తిప్పుకుంది.

అక్క కూడా కొంచెం పొడి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏంది మేడం, సబ్బు వాసనొస్తుంది?"

నేను మరిది వైపు చూశాను.

"అది న్యూట్రిషన్ వాసన అక్కా" అన్నాడు మరిది.

"బర్రెకు ఇంగ్లీషు రాదు తమ్మీ" అంది ఆమె.

అయినా ఆమె పంపేయలేదు. దారి ఆమే కనిపెట్టింది. మొదటి రోజు చిటికెడు, బెల్లం నీళ్లలో కలిపి తవుడులో. మర్నాడు రెండు చిటికెలు. అలా పది రోజులకు గుప్పెడయింది. నేను రోజూ పొద్దున కొట్టంలో ఆగి, నోటుపుస్తకంలో రాసుకుని, అక్కడి నుంచి కాలేజీకి వెళ్లేదాన్ని. ఆ పది రోజులూ మొదటి బెంచీ వాళ్లు మూడో బెంచీకి జరిగి కూర్చున్నారు. నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

నెల తర్వాత అక్క ఒక మాట చెప్పింది. "మీగడ జర మందంగ కడ్తుంది మేడం. బర్రె కూడ పోయిన ఈతలెక్క బక్కగ కాలేదు. కాని గది నీ పొడితోనా, నేను పెట్టిన బెల్లంతోనా, నాకు తెల్వదు."

ఇంత నిజాయితీగా మాట్లాడే మనిషిని నేను మా స్టాఫ్ రూములో చూడలేదు. మరిది మాత్రం ఆ మాటల్లో మొదటి వాక్యమే విన్నాడు. వారంలో కరపత్రాలు అచ్చయ్యాయి. వాటి మీద పూలదండలు, గజ్జెలు, నెమలి ఈకలతో మెరిసిపోతున్న ఒక మహాకాయం బొమ్మ. దీపావళి వెళ్లాక నారాయణగూడలో జరిగే సదర్ పండగకు ఊరేగించినప్పుడు తీసిన ఫొటో. అక్కకు చూపించాను. ఆమె కరపత్రాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇది దున్నపోతు" అంది.

"పవర్ కనబడాలని పెట్టిన అక్కా" అన్నాడు మరిది.

"బాగనే కనబడుతుంది. మరి పాలు ఎవలు పిండుతరు, నువ్వా?"

కరపత్రాలు అప్పటికే వేలల్లో అచ్చయి ఉండటం వల్ల దున్నపోతు అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆఫీసు. మరిది దాన్ని అశోక్‌నగర్‌లో తీసుకున్నాడు. బర్రెలున్న చోట కాకుండా హాస్టళ్లు, స్టడీ హాళ్లు ఉన్న చోట ఎందుకని అడిగితే, "అక్కడ ఎనర్జీ ఉంటది వదినె" అన్నాడు. అది ఒక కోచింగ్ సెంటర్ ఖాళీ చేసిన గది. బెంచీలు అలాగే ఉన్నాయి. గోడ మీద ప్రాథమిక హక్కుల చార్టు కూడా ఉంది. మరిది బయట పెద్ద బోర్డు పెట్టించాడు. పైన రెండడుగుల అక్షరాల్లో 'బైపాస్', కింద 'లక్ష్యానికి నేరుగా'. పశువుల సంగతి అంతకంటే కింద, చెట్టు కొమ్మ అడ్డం వచ్చే చోట ఉంది.

ఒక సాయంత్రం కాలేజీ అయ్యాక నేను అక్కడ లెటర్లు రాస్తుంటే ఒకామె ఫైలు పట్టుకుని లోపలికి వచ్చింది. ముప్పైకి దగ్గరగా ఉంటుంది. నల్గొండ వైపు ఊరట. ఆరేళ్లుగా గ్రూప్స్ రాస్తోందట.

"మేడం, బైపాస్ అంటే ప్రిలిమ్స్ లేకుంట డైరెక్ట్ మెయిన్సా?" అని అడిగింది.

నేను రాస్తున్న లెటరు పక్కన పెట్టాను. తర్వాత కూర్చోబెట్టి బర్రె కడుపు గురించి, నాలుగు గదుల గురించి చెప్పాను. ఆమె నవ్వలేదు. మొదటి గదిలో చిక్కకుండా నాలుగో గదికి చేరడం అన్న దగ్గర కొంచెం నిట్టూర్చింది. తర్వాత నోటుబుక్కు తీసి అంతా రాసుకుంది.

"సైన్స్ అండ్ టెక్నాలజీల అడిగే ఛాన్స్ ఉన్నదా మేడం?"

"ఇప్పటిదాకా అడగలేదు."

"అడగనియే అడుగుతున్నరు ఇప్పుడు" అని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. ఆ వారం ఇంకా చాలామంది వచ్చారు. ఒకరైతే డెమో క్లాసు అడిగారు. బర్రెలున్నవాళ్లు మాత్రం ఒక్కరూ రాలేదు.

బర్రెలున్నవాళ్లను తెచ్చింది అక్క. నగరం చుట్టూ ఉన్న తన చుట్టాలకు, తెలిసినవాళ్లకు చెప్పింది. ఆర్డర్లు వచ్చాయి. మరిది ఒక డీలర్ల మీటింగ్ పెట్టాడు. మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరబోతే మరిది వాకిట్లో ఆపాడు.

"డాడీ, మీరు వద్దు. మీ చేతులకు ఆ వాసన ఉంటది. వాళ్లు ప్రొఫెషనల్ మనుషులు."

మామగారు తన చేతులు చూసుకున్నారు. చొక్కా విప్పి, మడిచి, దుకాణానికి వెళ్లి కూర్చున్నారు. నేను అక్కడే ఉన్నాను. ఒక మాట అనాల్సింది. ఆటో ఎదురుచూస్తుందని మరిది వెంట మీటింగ్‌కు వెళ్లాను. దానికి ఇప్పటికీ నా దగ్గర మంచి సంజాయిషీ లేదు.

ఆ తర్వాత షెడ్డు కూడా మరిదే చూసుకున్నాడు. పెద్ద బ్యాచ్‌లు వేశాడు. ఆరబెట్టే సమయం సగానికి తగ్గించాడు. కాగితం పరీక్ష చేశావా అని నేనడిగితే, "మాడర్న్ కంపెనీలల్ల పేపర్ మీద పెట్టి చూడరు వదినె" అన్నాడు. మరి దేని మీద పెట్టి చూస్తారో చెప్పలేదు. అప్పుడు నాకు పరీక్ష పేపర్లు దిద్దే కాలం. నేనూ గట్టిగా అడగలేదు.

ఏప్రిల్ ఎండలకు బస్తాలకు చెమట పట్టింది. సున్నంతో కలవకుండా మిగిలిన కొవ్వు కరిగి బయటికొచ్చి, పొడంతా సిమెంటు గడ్డల్లా కట్టింది. ముక్కిన వాసన. ఏ బర్రే మూతి పెట్టలేదు. కొన్నవాళ్లు ఒక మధ్యాహ్నం అందరూ కలిసి అశోక్‌నగర్ ఆఫీసుకు వచ్చి, ప్రాథమిక హక్కుల చార్టు కింద బెంచీల మీద కూర్చున్నారు. ముందు వరసలో అక్క. చెప్పి కొనిపించింది ఆమే కాబట్టి అందరికంటే ఎక్కువ కోపం ఆమెకే.

మరిది నాకు ఫోన్ చేశాడు. గొంతులో ఇంగ్లీషు లేదు. "వదినె, జర డాడీని తీస్కొని రా. మస్తు పరేషాన్ ఉన్న."

నేను దుకాణానికి వెళ్లి విషయం చెప్పాను. మామగారు బల్ల కింద నుంచి పాత పేపర్ల కట్ట తీసుకుని ఆటో ఎక్కారు. నారాయణగూడ వైపు నుంచి వచ్చే ట్రాఫిక్‌లో పావుగంట ఆగిపోయాం. అప్పుడు నేను అన్నాను, "మీటింగ్ రోజు నేను మిమ్మల్ని రమ్మనాల్సింది మామయ్యా."

"రావాల్సింది నేను. చొక్కా విప్పకుంట ఉండాల్సింది" అన్నారు.

ఆఫీసులోకి వెళ్లి, అందరికీ నమస్కారం పెట్టి, గది మధ్యలో నిలబడ్డారు.

"ఇది సబ్బు" అన్నారు.

మరిది కళ్లు మూసుకున్నాడు.

"నేను చిక్కడపల్లిల సబ్బు చేసేటోన్ని. ఇది గూడ సబ్బే. సోడాతోటి చేస్తే బట్టలకు, సున్నంతోటి చేస్తే బర్రెలకు. దీంట్ల దాసేది ఏం లేదు."

వెనక బెంచీలోంచి ఒక పెద్దమనిషి అడిగాడు. "సబ్బు తింటే కడుపుల నురగ రాదా?"

"సున్నపు సబ్బుకు నురగ రాదు. బోరు నీళ్లతోటి తలకు పోసుకుంటె బకెట్ అంచుకు తెల్లగ తెట్టె కడ్తది సూడు, గదే ఇది. దాన్ని ఎంత రుద్దినా నురగ వస్తదా?"

గదిలో అందరూ బోరు నీళ్లతో స్నానం చేసేవాళ్లే. అందరికీ ఒక్కసారి అర్థమైంది. నేను కాగితాల మీద గదుల బొమ్మలు గీసి చెప్పలేనిది ఆయన ఒక బకెట్‌తో చెప్పేశారు.

తర్వాత ఆయన ఒక బస్తా విప్పి, గడ్డను చిదిపి, పేపరు మీద పెట్టి నొక్కి, కిటికీ దగ్గర ఎండలో ఉంచారు. అందరూ లేచి చుట్టూ నిలబడ్డారు. ఎండ దంచుతోంది కాబట్టి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. మరక పాకింది. అవతలి పేజీలోని సినిమా ప్రకటన, హీరో మీసంతో సహా ఇవతలికి వచ్చింది.

"పచ్చిగున్నది. తప్పు మాది. మీ బర్రెలకు తెలిసింది, మాకు తెల్వలె. బస్తాలన్ని వాపస్ పంపుండ్రి, మల్ల ఉడికించి ఇస్త. ఈసారి మీరే పేపర్ మీద పెట్టి చూసి తీస్కోండ్రి."

అక్క మరిది వైపు తిరిగింది. "గీ ముక్క మొదాలే చెప్తే అయిపోతుండె కద తమ్మీ. ఊకె న్యూట్రిషన్, న్యూట్రిషన్ అన్నవ్."

మరిది ఆ రోజు అందరికీ స్వయంగా టీ పోశాడు. అతని వల్ల వచ్చిన తంటాలే రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి.

వెనక్కి వచ్చిన బస్తాలన్నీ మళ్లీ కరిగించి, సున్నం కలిపి సరిచేయడానికి నెలకు పైగా పట్టింది. మానేసిన ఇద్దరు పనివాళ్లను మామగారు కబురు పెట్టి పిలిపించారు. చల్లారిన రెండో బాన వెలిగింది. కొత్త బస్తాల మీద ఏం రాయాలో ఈసారి ఆయనే చెప్పారు. దున్నపోతు పోయింది. 'సున్నపు సబ్బు. పశువులకు మాత్రమే. బట్టలకు పనికిరాదు' అని అచ్చయింది. ఇంట్లో నిషేధం ఎత్తేసినట్టు ఎవరూ ప్రకటించలేదు. ఒక రోజు అత్తమ్మ బాత్రూములోంచి సబ్బు తెమ్మని గట్టిగా అరిచింది, అంతే.

అశోక్‌నగర్ గదిని ఒక స్టడీ హాలు వాళ్లు తీసుకున్నారు. బోర్డు మీద పశువుల భాగం మాత్రం చెరిపి, 'లక్ష్యానికి నేరుగా' అలాగే ఉంచుకున్నారు. మరిది ప్రస్తుతం పుట్టగొడుగుల మీద దృష్టి పెట్టాడు. వాటికి కడుపు లేదు కాబట్టి కొంత నిశ్చింతగా ఉన్నాం.

మేము చేసేది పెద్ద వ్యాపారమేమీ కాదు. నగరం చుట్టూ కొన్ని కొట్టాలు, అక్క చుట్టాలు, వాళ్ల చుట్టాలు. కొత్తగా ఈనిన బర్రెలకు కొన్ని నెలలు పెడతారు, తర్వాత ఆపేస్తారు. పొడి వల్లనా, బెల్లం వల్లనా అన్న అక్క ప్రశ్నకు సగం జవాబే దొరికింది. ఇప్పుడు బెల్లం లేకుండా పెడుతున్నవాళ్లు కూడా మీగడ బాగుందనే చెప్తున్నారు. మిగతా సగం కోసం నా నోటుపుస్తకం ఇంకా నడుస్తోంది.

ఈ మధ్య అక్క పాల ధర పెంచింది. వెన్న ఎక్కువ వస్తుంది కదా అంది. అత్తమ్మకు అది అసలు మింగుడు పడలేదు. చెంబు పట్టుకుని వాకిట్లోనే అడిగింది.

"ఆ కొవ్వు మేం చేసిందే కద. మా కొవ్వుకు మేమే పైసలియ్యాల్నా?"

"కొవ్వు మీదే అమ్మా. బర్రె నాది" అంది అక్క, పాలు కొలుస్తూ.

మామగారు లోపలి నుంచి, "సరిగ్గనే చెప్పింది" అన్నారు. అత్తమ్మ చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి పాలు పొయ్యి మీద పెట్టే ముందు రోజూ ఒకసారి వాసన చూస్తోంది. ఇంతవరకూ సబ్బు వాసన వచ్చిందని మాత్రం అనలేదు.